ఇంటి మందుకి గడువు పెట్టుకోండి

తొలకరి పడిందంటే చాలు, మన వంటిళ్లల్లో మిరియాల ఘాటు మొదలవుతుంది. ఒక ఇంట్లో శొంఠి దంచుతుంటారు. పక్కింట్లో తులసాకు మరుగుతుంటుంది. ఆ పై ఇంట్లో పసిబిడ్డ ఛాతీ మీద వెచ్చచేసిన తమలపాకు వేస్తుంటారు. ఎవరూ పుస్తకం తెరవరు. ఎవరినీ అడగరు. నాయనమ్మ చేసింది, అమ్మ చూసింది, ఇప్పుడు కూతురు చేస్తోంది.

ఇవాళ ఈ ఇంటి మందుల గురించే మాట్లాడుకుందాం. అయితే ఏ జబ్బుకి ఏ ఆకు వాడాలో చెప్పడం కోసం కాదు. అది మీలో చాలామందికి ముందే తెలుసు. ఇవాళ్టి విషయం ఒక్కటే. ఇంటి మందు మొదలుపెట్టేటప్పుడే దానికో గడువు పెట్టుకోవాలి. ఎన్నాళ్లు చూస్తాం? ఏం కనిపిస్తే వెంటనే ఆపేస్తాం? డాక్టరు దగ్గరకి ఎప్పుడు వెళ్తాం? కషాయం పొయ్యి మీద పెట్టేటప్పుడే ఇది తేల్చుకోవాలి. పొయ్యి మీద పాలు పెట్టి ఊరికి వెళ్లం కదా. పక్కనే నిలబడి చూస్తాం. ఇంటి మందు దగ్గర కూడా అలాగే నిలబడాలి.

ముందు దగ్గు సంగతి చూద్దాం.

మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. వారం, పది రోజుల్లో దానంతట అదే పోతుంది. ఈలోపు గొంతు నొప్పి తగ్గాలి. దగ్గు కాస్త నెమ్మదించాలి. బిడ్డకి నిద్రపట్టాలి. ఇక్కడ వంటిల్లు నిజంగా ఆదుకుంటుంది. తేనెనే తీసుకోండి. ఏడాది దాటిన పిల్లలకి రాత్రి పడుకోబోయే ముందు ఒక చిన్న చెంచా తేనె ఇస్తే దగ్గు నెమ్మదించి, నిద్ర బాగా పడుతుందని పరిశోధనల్లో తేలింది. గొంతుకి ఉపశమనం ఇచ్చే వస్తువుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తేనె పేరు చెప్పింది.

అడ్డసరం కూడా అలాంటిదే. పొలం గట్ల మీద, కంచెల పక్కన పెరిగే ఈ మొక్క ఆకుల్లో వాసిసిన్ అనే పదార్థం ఉంది. దాన్నే నమూనాగా పెట్టుకుని రసాయన శాస్త్రవేత్తలు బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారుచేశారు. 1960ల్లో అది బజారులోకి వచ్చింది. దాని కొనసాగింపుగా ఆంబ్రాక్సాల్ వచ్చింది. మీ ఇంట్లో కఫం మందు సీసా ఉంటే, దాని లేబుల్ మీద ఈ రెండు పేర్లలో ఒకటి కనిపించొచ్చు. అంటే మన పెద్దవాళ్లు దగ్గుకి అడ్డసరం వాడింది ఊరికే కాదు. ఒక్క జాగ్రత్త. అడ్డసరానికి గర్భసంచిని కదిలించే గుణం ఉంది. గర్భిణులు దాని జోలికి పోకూడదు.

పసిపిల్లల విషయంలో వంటింటి మందుకి ఇప్పుడు మరింత విలువ వచ్చింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కల్తీ దగ్గు మందు తాగి చిన్నపిల్లలు చనిపోయారు. ఆ మందులో కిడ్నీలని చెడగొట్టే డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది. ఆ ఏడాది అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలకీ ఒక సూచన పంపింది. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దంది. ఐదేళ్లలోపు వాళ్లకి కూడా మామూలుగా వాటి అవసరం ఉండదంది. గోరువెచ్చని నీళ్లు, తగినంత విశ్రాంతి, ఏడాది దాటితే చెంచా తేనె. చాలా దగ్గులకి ఇది సరిపోతుంది.

ఏడాది దాటితే అని రెండుసార్లు చెప్పడానికి కారణం ఉంది. తేనెలో ఒక్కోసారి బొట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు నిద్రాణంగా ఉంటాయి. పెద్దవాళ్ల పేగులు వాటిని ఎదగనివ్వవు. పసివాళ్ల పేగులకి ఆ శక్తి ఉండదు. కండరాలు వాలిపోయి, ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. బిడ్డ పుట్టగానే నాలుకకి తేనె రాసే ఆచారం ఇంకా చాలా ఇళ్లల్లో ఉంది. ప్రేమతోనే రాస్తారు. అయినా సరే, ఏడాది నిండేదాకా వద్దు.

ఇప్పుడు దగ్గుకి గడువు ఎంత? చిన్నపిల్లల్లో ఇది రోజుల లెక్క కాదు, ఊపిరి లెక్క. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తుంటే అది న్యుమోనియా కావచ్చు. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఆ లెక్క 40. రెండు నెలలు నిండని పసికందులకైతే లెక్కతో పని లేదు. దగ్గు, ఆయాసం అనిపిస్తే చాలు, చూపించాల్సిందే. బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోయినా గడువు అప్పుడే అయిపోయినట్టు. కషాయం పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరాలి.

పెద్దవాళ్లకి గడువు రెండు వారాలు. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ ఉందేమో తెలుసుకోవడానికి కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు రెండూ ఉచితం. మిరియాల కషాయం తాగితే గొంతుకి హాయిగానే ఉంటుంది. ఆ హాయి వల్లే నెలలు గడిచిపోతాయి. ఈలోపు క్షయ ఇంట్లో మిగతావాళ్లకి అంటుకుంటుంది. అందుకే రెండు వారాలు. గుర్తుపెట్టుకోండి, రెండు వారాలు.

కషాయం మాట వచ్చింది కాబట్టి మోతాదు గురించీ చెప్పుకోవాలి. 2020లో కరోనా కాలంలో కేంద్ర ఆయుష్ శాఖ ఒక కషాయం చెప్పింది. నాలుగు పాళ్లు తులసి, రెండు పాళ్లు దాల్చినచెక్క, రెండు పాళ్లు శొంఠి, ఒక పాలు మిరియాలు. ఆ పొడి 3 గ్రాములు తీసుకుని 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో కలిపి, రోజుకి ఒకటి రెండుసార్లు తాగమంది. 3 గ్రాములంటే ఒక చిన్న చెంచాడు. చాలా ఇళ్లల్లో ఏం జరిగింది? చెంచాలు గుప్పెళ్లయ్యాయి. రెండుసార్లు కాస్తా పూటపూటకీ అయింది. నోరు పూసింది. కడుపులో మంట మొదలైంది. చెంచాతో పనిచేసే మందు గుప్పెడు వేస్తే ఎక్కువ పనిచెయ్యదు. ఎక్కువ మండుతుంది, అంతే.

ఆవిరి పట్టేటప్పుడు పిల్లల్ని మరిగే నీళ్ల గిన్నె దగ్గర కూర్చోబెట్టకండి. దుప్పటి కప్పిన చీకట్లో గిన్నె ఒలికి ఒళ్లు కాలిన పిల్లలు ఎందరో ఉన్నారు. కర్పూరం కూడా పిల్లలకి అందనివ్వకండి. చిన్న ముక్క మింగినా ఫిట్స్ రావచ్చు.

ఇక విరేచనాలు. ఈ జబ్బులో ఇంటి మందు చేసే మేలు ఇంకే జబ్బులోనూ చెయ్యదని చెప్పొచ్చు. ప్రాణం తీసేది ఒంట్లోంచి నీరు, ఉప్పు పోవడం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో నింపి రోగులకి తాగించారు. మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ఓఆర్‌ఎస్‌కి అంత పేరు అక్కడే వచ్చింది.

ఓఆర్‌ఎస్ పొట్లం ఇంట్లో లేకపోతే మీరే కలుపుకోవచ్చు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లు. అందులో ఆరు చిన్న చెంచాల పంచదార. అర చెంచా ఉప్పు. చెంచా గీసినట్టు సమంగా ఉండాలి, రాశి పొయ్యకూడదు. మళ్లీ చెప్పుకుందాం. లీటరు నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు కలిపిన గంజి కూడా బాగా పనిచేస్తుంది. అన్నం వార్చే ఇళ్లల్లో ఇది రోజూ ఉండేదే. ఉప్పు వేసిన పలచని మజ్జిగ కూడా మంచిదే. పిల్లలకైతే పొట్లంతో పాటు జింక్ బిళ్లలు కూడా 14 రోజులు ఇవ్వాలి. ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్రంలో దొరుకుతాయి. విరేచనాలు ఆగాయని మధ్యలో మానెయ్యకండి.

దానిమ్మ తొక్క, జీలకర్ర, మెంతులు, ఎవరికి అలవాటైనవి వాళ్లు వాడుకుంటారు. వాడుకోండి. నీళ్లు మాత్రం మానకూడదు. పాతకాలంలో విరేచనాలైతే కడుపు మాడ్చేవాళ్లు. నీళ్లు తాగితే ఇంకా అవుతాయని భయపడేవాళ్లు. ఆ భయమే పిల్లల్ని తీసుకుపోయింది. ఇక గడువు గంటల్లోనే ఉంటుంది. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా వెంటనే ఆసుపత్రి.

జ్వరం వచ్చినప్పుడు, ముఖ్యంగా వానాకాలంలో, గడువు రెండు రోజులు. మూడో రోజుకి రక్త పరీక్ష జరగాలి. మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. ఆకు నమలడం వల్ల ఏ జ్వరమో తెలియదు.

డెంగీ అనగానే బొప్పాయి ఆకు గుర్తొస్తుంది. ఆ రసం వల్ల ప్లేట్‌లెట్లు కొంత పెరిగినట్టు కొన్ని చిన్న పరిశోధనలు చెప్పాయి. అది అబద్ధం కాదు. కానీ డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు. సన్నటి రక్తనాళాల గోడలు కారడం మొదలెడతాయి. రక్తంలోని ద్రవం బయటికి పోయి, రక్తపోటు పడిపోతుంది. దీన్ని బొప్పాయి రసం ఆపుతుందని ఎక్కడా రుజువు కాలేదు. పైగా అసలు ప్రమాదం జ్వరం తగ్గాక వస్తుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగుతుంది. ఇంట్లోవాళ్లు ఆకు పనిచేసిందని ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు చల్లబడటం కనిపిస్తాయి. జ్వరం దిగిన రోజున ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇంకోటి. చేదు రసం బలవంతాన తాగించి వాంతి చేయిస్తే, ఒంట్లో నీరు మరింత పోతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ బిళ్లలు వెయ్యకండి. రక్తస్రావం ఎక్కువవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి దగ్గరకి వద్దాం. పచ్చకామెర్లు.

తెలుగు ఊళ్లల్లో కామెర్లంటే పసరు మందే. ఫలానా ఊళ్లో ఫలానా రోజున పసరు పోస్తారని బస్సెక్కి వెళ్తారు. నూనె మానేస్తారు, ఉప్పు మానేస్తారు, చప్పిడి అన్నం తింటారు. కొన్నిచోట్ల చేతికి వాతలు కూడా పెడతారు. చాలామందికి తగ్గుతుంది కూడా. ఎందుకు తగ్గుతుంది? ఇది నింపాదిగా వినండి.

కామెర్లు జబ్బు కాదు, లక్షణం. కళ్లు పచ్చబడటానికి కారణాలు చాలా ఉన్నాయి. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ వాటిలో బాగా తరచుగా కనిపిస్తాయి. ఈ రెండూ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పొయ్యకపోయినా తగ్గుతాయి. తగ్గిన ప్రతివాళ్లూ పసరుకి దండం పెట్టి, ఇంకో పదిమందికి చెప్తారు. ఆ పదిమందిలో ఒకరికి హెపటైటిస్ బి ఉండొచ్చు. ఒకరికి పిత్తాశయంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు. మాగాణి మడిలో పనిచేసిన ఒకరికి ఎలుక జ్వరం ఉండొచ్చు. ఒకరికి మద్యం వల్ల కాలేయం పాడై ఉండొచ్చు. వీళ్లందరికీ ఒకే పసరు. వీళ్లు తిరిగొచ్చి తగ్గలేదని చెప్పరు. కొందరు చెప్పడానికి మిగలరు.

కామెర్లకి వాడే మొక్కల్లో నేల ఉసిరి పేరు అందరికీ తెలుసు. దాని కథ చెప్పుకోదగ్గది. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూక్ బ్లూంబర్గ్‌కి ఈ మొక్క మీద ఆసక్తి కలిగింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.పి. త్యాగరాజన్ బృందం ఆయనతో కలిసి పనిచేసింది. హెపటైటిస్ బి ఒంట్లో పాతుకుపోయిన వాళ్లకి నెల రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చారు. 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ జాడ పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లోకం ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత వేరే దేశాల్లో, వేరే చోట్ల మళ్లీ పరీక్షించారు. అంత గొప్ప ఫలితం రాలేదు.

ఈ కథలో నేల ఉసిరిని చిన్నచూపు చూసినవాళ్లు ఎవరూ లేరు. నోబెల్ పొందిన శాస్త్రవేత్తే దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అంత శ్రద్ధగా పరీక్షించాక కూడా అది నమ్మదగిన మందుగా నిలబడలేదు. అలాంటప్పుడు ఏ ఆకుదో చెప్పని పసరుని మాట అడక్కుండా మింగడం ఎంతవరకు సబబు?

అందుకే కామెర్లలో ఇంటి మందుకి ఒక్క రోజు గడువు కూడా లేదు. ముందు రక్త పరీక్ష. ఏ రకమో తెలిశాక మిగతా మాటలు. గర్భిణి కళ్లు పచ్చబడితే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెలలు నిండే దశలో హెపటైటిస్ ఈ వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. మామూలు మనుషుల్లో ఇది తేలిగ్గా పోయే జబ్బు, గర్భిణిలో ప్రాణాంతకం. ఇంక పత్యం సంగతి. కామెర్లు వచ్చినవాళ్లకి బలం కావాలి. నోటికి హితవైనంత మామూలు తిండి పెట్టండి. ఉప్పు, పప్పు అన్నీ మాన్పించి చప్పిడి అన్నంతో నీరసపెట్టకండి. ఇంట్లో పసిబిడ్డ పుడితే 24 గంటల్లో హెపటైటిస్ బి టీకా వేయించండి. ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది.

కామెర్ల లాగే ఇంటి మందుకి ఒక్క నిమిషం కూడా గడువు ఇవ్వకూడని సందర్భాలు ఇంకా ఉన్నాయి.

పాముకాటు. మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. కరిచే పాములన్నీ విషప్పాములు కావు. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం దిగదు. అలా బతికినవాళ్ల వల్లే పసరుకి, మంత్రానికి పేరొచ్చింది. విషం దిగినవాళ్లకి మాత్రం యాంటీవెనమ్ ఒక్కటే దిక్కు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. కొయ్యొద్దు, పీల్చొద్దు, గట్టిగా కట్టొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి.

గుండె నొప్పి. యాభై ఏళ్ల మనిషికి భోజనం చేశాక ఛాతీలో బరువుగా ఉంటుంది. గ్యాస్ అనుకుంటాడు. భార్య వాము నీళ్లు కాచి ఇస్తుంది. కాస్త తేలికైనట్టే ఉంటుంది. ఇంకాసేపటికి చెమటలు పడతాయి. వాము మంచిదే. అందులోని థైమాల్ అజీర్తికి పనికొస్తుంది. కానీ గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే వాము ఏం చేస్తుంది? ఛాతీలో బరువు, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం. వీటిలో ఏది ఉన్నా ముందు ఈసీజీ. అది నిమిషాల్లో తీసే పరీక్ష. గ్యాసే అని తేలితే ఇంటికొచ్చి వాము నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. షుగరు ఉన్నవాళ్లకి నొప్పి లేకుండా కూడా గుండెపోటు రావచ్చు. వాళ్లు ఇంకా తొందరపడాలి.

కన్ను. వరి కోతలప్పుడు ఆకు అంచో, గింజ ముల్లో కంట్లో గీసుకుంటుంది. చాలామంది నందివర్ధనం రసం పిండుతారు, ఏదో పసరు వేస్తారు, తల్లిపాలు వేస్తారు. గీసుకున్న నల్లగుడ్డు మీద పచ్చి ఆకు రసం పడితే దాంతో పాటు బూజు, బాక్టీరియా కూడా లోపలికి పోతాయి. పుండు పడుతుంది. మానాక కూడా కంట్లో పువ్వు మిగిలి చూపు పోతుంది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకి మూలికా మందు ఇస్తున్నారని జనం వేలల్లో చేరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల 31న ప్రభుత్వం తినే మందుకి ఒప్పుకుంది. కంటి చుక్కలకి మాత్రం ఒప్పుకోలేదు. నోట్లో వేసుకునేది వేరు, కంట్లో పోసుకునేది వేరు. మంచి నీళ్లతో కడగండి. కంటి డాక్టరు దగ్గరకి వెళ్లండి. ఇంకేమీ పొయ్యకండి.

ఏళ్ల తరబడి ఉండే జబ్బుల సంగతి మరోలా ఉంటుంది. షుగరుకి మెంతులు చాలామంది వాడతారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతుల మీద శ్రద్ధగా పనిచేశారు. మెంతులు తిన్నవాళ్లలో రక్తంలో చక్కెర తగ్గినట్టు చూపించారు. 1990లో వచ్చిన వాళ్ల పరిశోధనలో కొవ్వు తీసిన మెంతిపిండి రోజుకి 100 గ్రాములు ఇచ్చారు. మనం రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగేది ఒక చెంచాడు. అందువల్ల చెంచాడు మెంతులు తింటున్నాం కదా అని బిళ్ల మానెయ్యకూడదు. ఎక్కువ మెంతులు తింటూ బిళ్లలూ వేసుకుంటే చక్కెర మరీ పడిపోయే అవకాశమూ ఉంది. ఇక్కడ గడువంటే మూడు నెలలకోసారి రక్త పరీక్ష. ఆ అంకె చూసి డాక్టరు బిళ్ల తగ్గిస్తే తగ్గించుకోండి. మీ అంతట మీరు కాదు.

తిప్పతీగ కూడా కరోనా కాలంలో ఇంటింటికీ పాకింది. రోజూ, నెలల తరబడి తాగినవాళ్లున్నారు. అలా తాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. అసలు తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉండొచ్చని అంది. ఈ వాదంలో ఎవరిది ఒప్పైనా ఇంట్లో వాళ్లకి పనికొచ్చే విషయం ఒకటే. మొక్కని గుర్తుపట్టడం తేలిక కాదు. గడువు లేకుండా ఏదీ తాగకూడదు.

మొక్క కాబట్టి హాని లేదనుకోవడం మన పల్లెటూరి అనుభవానికే విరుద్ధం. గన్నేరు మొక్కే. ఉమ్మెత్త మొక్కే. గురివింద మొక్కే. వాటి జోలికి పిల్లల్ని పోనివ్వం కదా. ఆకులో మందు ఉందంటే, మోతాదు మించితే విషమూ ఉండొచ్చు.

ఇంటి మందుకీ ఇంగ్లీషు మందుకీ శత్రుత్వం ఉందనుకోవడం కూడా సరికాదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇంగ్లీషు వైద్యం చదివి, మద్రాసులో ఆయుర్వేద కళాశాల నడిపారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకి స్ప్రూ అనే పేగు జబ్బు వచ్చినప్పుడు లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందులే ఆయన్ని నిలబెట్టాయి. ఆ సుబ్బారావే తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేయించారు. అది స్ప్రూకి మందు. ఇవాళ ప్రతి గర్భిణికీ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ బిళ్లలో ఉండేది అదే. మూలిక వల్ల బతికిన మనిషి ప్రయోగశాలలో బిళ్ల కనిపెట్టారు. మన ఇంట్లో కూడా ఈ రెండూ కలిసి ఉండొచ్చు. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలిస్తే చాలు.

అందుకే ఆఖరుగా రెండు పనులు చెయ్యండి. ఇంట్లో పాల లెక్క రాసే క్యాలెండరు ఉంటుంది కదా. ఇంటి మందు మొదలుపెట్టిన రోజున ఆ తేదీ కింద ఎవరికి, ఏ మందు, ఎంత అని రాయండి. గడువు తీరే తేదీకి సున్నా చుట్టండి. పెద్దవాళ్లు చదవలేకపోతే పిల్లలతో రాయించండి.

రెండోది, డాక్టరు దగ్గరకి వెళ్లినప్పుడు ఆ మందు సంగతి దాచకండి. తిడతారని చాలామంది చెప్పరు. చెప్పకపోతే నష్టం మీకే. ఆపరేషన్ ముందు, గర్భంతో ఉన్నప్పుడు, రక్తం పలచబడే బిళ్లలు వాడుతున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. వెల్లుల్లి, అల్లం ఎక్కువగా వాడితే రక్తస్రావం పెరగొచ్చు. పసరు తాగి ఉంటే ఎప్పుడు తాగారో, ఎంత తాగారో చెప్పండి. అది ఏ ఆకుదో తెలియకపోతే, మిగిలిన పసరు సీసాని, దొరికితే ఆ ఆకు కొమ్మని సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరుకి చూపించండి.